పాత కొసకు కొత్త పోగు

సూరత్‌లోని గోడాదరాలో సుమన వాళ్ల గది కింద పన్నెండు మరమగ్గాలున్నాయి. పొద్దున లేచింది మొదలు గోడలు వణుకుతూనే ఉంటాయి. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తాకి చిన్నగా మోగుతూనే ఉంటాయి. ఆ వీధి పిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోతారు, అది ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. ఆదివారం షెడ్డుకు సెలవు. మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసుకుని పోతారు, ఇక వీధి మొత్తం మూగబోతుంది. ముప్పై ఒక్కేళ్లు వచ్చినా సుమనకు ఆ మూగతనం అలవాటు కాలేదు.

చీర అంచుల్లో మగ్గం నేసే బొమ్మలు, జకార్డ్ డిజైన్లు, కంప్యూటర్‌లో గీయడం ఆమె పని. పనిచేసే కార్ఖానా మూతపడి మూడు నెలలైంది. ఇంట్లో తనూ, తల్లి రాజమ్మా ఇద్దరే. ఉధ్నాలో కనకయ్య అనే మన తెలుగువాడు ఒక షెడ్డు నడుపుతున్నాడు. ఆయన దగ్గరివన్నీ పాత యంత్రాలు. వాటికి డిజైన్ ఎక్కించాలంటే తొమ్మిది పిన్నుల పాత సాకెట్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి, ఇప్పుడొచ్చే వాటికి ఆ సాకెట్ ఉండదు. సోమవారానికి అలాంటిది పట్టుకొస్తే ఏడాది పని నీదే అన్నాడాయన. లేదంటే పాండేసర మిల్లులో పన్నెండు గంటలు నిలబడి చీరలు మడతపెట్టడమే గతి. సుమన మోకాళ్లు దానికి ఒప్పుకోవు, మనసు అసలే ఒప్పుకోదు.

అలాంటి సమయంలో రాఖీ పండుగ వచ్చింది. నేతవాళ్లకు ఇంతకు మించిన పండుగ లేదు. తోడబుట్టినవాళ్లు లేని సుమన, అదే వీధిలో ఉండే ప్రణయ్‌కు పదేళ్లుగా రాఖీ కడుతోంది. అతనూ డిజైనరే. ప్రతి ఏడూ ఒక జాకెట్టు ముక్కో, స్వీటు డబ్బానో ఇచ్చేవాడు. ఈసారి సంచిలోంచి ఒక బరువైన ల్యాప్‌టాప్ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. మూలలకు రబ్బరు, పైన పట్టుకోవడానికి పిడి, వెనక తొమ్మిది పిన్నుల సాకెట్. మేడ మీద నుంచి పడేసినా పగలని రకం. రాజమ్మ అతని తల నిమిరి, సొంత అన్న కూడా ఇంత చెయ్యడని కళ్లు తుడుచుకుంది.

గట్టిదే కానీ మహా నిదానం. ఆన్ చేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. సుమన పాత సామాన్ల బజారులో బేరమాడి కొత్త ఎస్.ఎస్.డి. డిస్కు ఒకటి, వాడిన ర్యామ్ ఒకటి తెచ్చింది. నేలమీద దుప్పటి పరిచి మరలు విప్పింది. షెడ్డులో బతికిన యంత్రం కదా, ఫ్యాన్ నిండా దారపు నూగు. ఆ నూగులో ఒక పొడుగాటి వెంట్రుక చుట్టుకుని ఉంది. లాగింది. వస్తూనే ఉంది... మూర, రెండు మూరలు. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. ఫ్యాన్ వేడికి కమిలి ఉంటుందిలే అనుకుని చెత్తలో వేసింది.

కొత్త డిస్కు బిగించే వేళకు, ఆ సంగతి ముందే విన్న ప్రణయ్ ఫోన్ చేశాడు. పాతది మొత్తం తుడిచెయ్యకు చెల్లె, అందులో ‘బొమ్మలు’ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాన్ని నీ చేతులతోనే కొత్తదాంట్లో వేసి అప్పుడు పని మొదలుపెట్టు అన్నాడు. ఉత్త మగ్గం మీద మనోళ్లు ఎవరన్నా కూర్చుంటారా అని నవ్వాడు. పక్కనే వింటున్న రాజమ్మ నిజమేనంది. సిరిసిల్లలో ఉన్నన్నాళ్లూ ఆమె పడుగులు అతికింది. నేతవాళ్లు మగ్గాన్ని ఎన్నడూ బోడిగా వదలరు. పాత పడుగు కొసలు అలాగే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలివేసి అతుకుతారు. ఇంకెవరైనా అయితే పాత డిస్కును చెత్తబుట్టలో పడేసి చేతులు దులుపుకునేవారు. సుమన నేతబిడ్డ. ఫోల్డర్‌లో రెండు ఫైళ్లున్నాయి. తెరిచి చూడకుండానే రెండింటినీ కొత్త డిస్కులోకి మార్చింది.

ఇక ఆ ల్యాప్‌టాప్‌కు కొత్త ప్రాణం వచ్చింది. ఆవులించి నోరు మూసేలోగా తెర వెలిగేది. నాలుగు రోజుల్లో కనకయ్య కోసం మూడు అంచులు గీసేసింది.

ఆదివారం వచ్చింది. రాజమ్మ తెలిసినవాళ్లింటికి భోజనానికి వెళ్లింది. మధ్యాహ్నానికే మబ్బు కమ్మి, గది సందెవేళలా మసకబారింది. వాన పడుతోంది. కింద మగ్గాలు లేవు, వీధిలో మనిషి అలికిడి లేదు. రేపటికి అన్నీ సర్దుకుందామని కూర్చున్న సుమనకు ‘బొమ్మలు’ కంటపడింది. తెరిచింది. ఇప్పుడు అందులో మూడు ఫైళ్లున్నాయి.

మొదటిది తెరిచింది. గళ్ల కాగితం మీద రంగు గళ్లు, వేలకు వేలు. చిన్నది చేసి చూస్తే బొమ్మ కనబడింది. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి. మెట్టెలు, చీర, ఒళ్లో చేతులు, పొడుగాటి జడ. ముఖం పక్కకు తిరిగి ఉంది. సుమన గుర్తుపట్టింది. పద్మారాణి. ఉధ్నాలో డిజైన్లు గీసేది. పోయిన ఎండాకాలం కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే చనిపోయింది. గుండె ఆగిందన్నారు.

రెండోది మగమనిషి. అదే కూర్చోవడం. ప్యాంటు, గళ్ల చొక్కా... మెడ దగ్గర ఆగిపోయింది. కత్తెరతో కోసిన తానులా, పైన అంతా తెలుపు. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంది. చిన్నప్పుడు ప్రణయ్‌కు మగ్గంలో పోయిన వేలు అది. ఆ చేతిని ఆమె ఎరగకపోవడమేమిటి, దాని పక్కనున్న కుడిచేతికే కదా పదేళ్లుగా రాఖీ కట్టింది.

మూడోది తెరవడానికి చెయ్యి రాలేదు. అయినా తెరిచింది.

అడుగున రెండు పాదాలు. నీలం ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు. మామిడిపిందెల నైటీ అంచు.

సుమన తల వంచి తన పాదాల వైపు చూసుకుంది. మామిడిపిందెలు... నీలం కుర్చీ...

ఠక్.

కింద షెడ్డులో ఒక్క మగ్గం ఒక్కసారి కొట్టింది. తెర మీద ఒక్క వరుస గళ్లు పెరిగింది.

షెడ్డుకు తాళం ఉంది. కరెంటు లేదు.

ఠక్. ఇంకో వరుస.

ఫైలు చెరిపేసింది. మళ్లీ వచ్చింది. మూత వేసి బ్యాటరీ పీకి మంచం మీదికి విసిరింది. కింద మాత్రం ఆగలేదు. ఠక్... ఠక్... కాలిన వెంట్రుకల వాసన గదంతా నిండింది. ఆమె ప్రణయ్‌కు ఫోన్ చేసింది. ఎత్తాడు.

"అన్నా," అంది గుసగుసగా. "రెండో బొమ్మ చూసిన."

ఏ బొమ్మ అని అడగలేదతను.

"నీది ఏడి దాక వచ్చింది?" అన్నాడు.

అతనికి అంతా తెలుసు. మెల్లగా తనే చెప్పుకొచ్చాడు. బొమ్మ ముఖం దాకా నిండి పద్మారాణి పోయాక ఆమె పనీ, ఆమె ల్యాప్‌టాపూ అతనికే వచ్చాయట. డిస్కు మార్చినా, వేరే కంప్యూటర్ పెట్టుకున్నా బొమ్మ పెరుగుతూనే ఉందట. ఇంకొకరు తమ చేత్తో ఆ ఫోల్డర్‌ను తమదాంట్లో వేసుకుంటే తప్ప ఆగదని తెలిసేసరికి మెడ దాకా వచ్చేసిందట. సుమన అతికిన సాయంత్రమే తనది ఆగిందట.

"నాకు ఇద్దరు పిల్లలున్నరు చెల్లె," అన్నాడు.

"ఇంత పెద్ద సూరత్‌ల నేనే దొరికిన్నా అన్నా?"

"నీకు... ముందు వెనక ఎవరు లేరు గద. అమ్మ ఒక్కతే." అన్నాడతను. "నువ్వు గూడ ఎవరికన్న ఇచ్చెయ్యి. జర జల్ది."

ఫోన్ పెట్టేశాడు.

సుమనకు భయం కంటే ముందు ఏడుపు వచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. పదేళ్ల దారం. ఆమె చేత రాఖీ కట్టించుకుంటూ, స్వీటు తింటూ, ఇది పోతే ఏడ్చేవాళ్లు ఎందరని లెక్కవేసుకున్నాడన్నమాట. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, కాబట్టి పోయినా ఫర్వాలేదు. తల్లి ఏడుపు అతని లెక్కలోకి రాలేదు. ఒళ్లంతా మంటెత్తింది. ఇంతలోనే కింద ఠక్, ఠక్. బ్యాటరీ లేని ఆ ల్యాప్‌టాప్ మూత సందుల్లోంచి వెలుతురు వస్తోంది.

మూత తెరిచింది. మూడో బొమ్మ నడుము దాకా వచ్చింది.

"నేనెవరికీ ఇయ్య," అంది తెరతోనే, పళ్లు బిగించి. "ఇచ్చినోని దగ్గరికే పో."

చప్పుడు ఆగింది.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. కింద నిశ్శబ్దం... చాలాసేపు. సుమన మూత వేయబోయింది. అప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి వేగంగా, నిండు పనిదినంలా... ఠక్ ఠక్ ఠక్ ఠక్. గూట్లో గ్లాసులు మోగాయి. ఆమె తన బొమ్మ వైపే చూస్తూ కూర్చుంది. నడుము దగ్గరే ఉంది. ఒక్క గడి కూడా పెరగలేదు.

రెండోది తెరిచింది.

మెడ పైన ఏమీ రాలేదు. కానీ అడుగున, అతని కుర్చీ పక్కన, ఇందాక లేనివి ఉన్నాయి. నేసిన గుడ్డలో కింది వరుసలు మారవు. అవి మారాయి. రెండు జతల చిన్న పాదాలు. ఒక జతకు పట్టీలు.

సుమన ఫోన్ అందుకుంది. ప్రణయ్ పేరు మీద వేలు పెట్టింది. చెప్పాలి. పిల్లలేం చేశారు పాపం. తన నోటితో అన్న మాటే ఇది, తనే వెనక్కి తీసుకోవాలి. వేలు అక్కడే ఉంది. మళ్లీ ఒకసారి తన బొమ్మ చూసుకుంది. నడుము దగ్గర ఆగి ఉంది, కోసిన తానులా శుభ్రంగా. తెల్లవారితే సోమవారం. తల్లి ఇంటికి వచ్చే వేళ అవుతోంది.

ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టింది.

తల తిప్పేసరికి రెండో బొమ్మలో ఆ పాదాల పక్కన ఇంకో జత చేరింది. మరీ చిన్నవి, బొటనవేలంత కూడా లేవు. ప్రణయ్‌కు ఇప్పటిదాకా పుట్టిన పిల్లలు ఇద్దరే.