ఏడేళ్ళ సామాను

“వో పెన్‌డ్రైవ్ నికాలియే, సర్.”

పెన్‌డ్రైవ్ తీసేయమంటూ వెనకనుంచి వచ్చిన ఆ గొంతుకి జశ్వంత్ ఉలిక్కిపడ్డాడు. ఆఫీసు లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టిన మాట నిజమే. స్క్రీన్ మీద ఎర్రటి హెచ్చరిక వెలుగుతున్న మాటా నిజమే. కానీ అది చూసి ఐటీ వాళ్ళ మనిషి ఇంత త్వరగా దిగుతుందని అతను అనుకోలేదు.

మెడలో బ్యాడ్జి, చేతిలో తడిసిన గొడుగు, గొడుగు కొసనుంచి కార్పెట్ మీదికి జారుతున్న చుక్కలు. ఆ అమ్మాయి ఇప్పుడే ఆఫీసుకి వచ్చినట్టుంది. కనుబొమలు రెండూ ఒక్కటి చేసి అతని వైపే చూస్తోంది.

“నా ఫోటోలు నేను తీసుకుంటున్నాను,” అన్నాడు హిందీలో.

“తీసుకోండి. కానీ నా ముందు. ఒక్కొక్క ఫైలూ తెరిచి చూపిస్తే నేనే కాపీ చేసిస్తాను. శుక్రవారానికల్లా లాప్‌టాప్ ఖాళీ అయిపోవాలి.”

“ఏం పొగరో మహాతల్లికి,” అని తెలుగులో గొణుక్కున్నాడు జశ్వంత్.

“పొగరు గాదు సార్, పాలసీ,” అంది ఆమె, తెలుగులోనే.

వేరే రోజైతే ఇద్దరూ నవ్వేసేవాళ్ళు. ఆ రోజు జశ్వంత్‌కి నవ్వు రాలేదు.

అంతకు ముందురోజే, సోమవారం పొద్దున, హెచ్ఆర్ ఆవిడ వీడియో కాల్‌లో చాలా మర్యాదగా అతని ఉద్యోగం తీసేసింది. రీస్ట్రక్చరింగ్ అంది. మీ తప్పేమీ లేదు అంది. కాఫీ చల్లారేలోపు కాల్ అయిపోయింది. తెనాలినుంచి నోయిడా వచ్చి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ ఇదే కంపెనీ, ఇదే కిటికీ పక్క సీటు. సాయంత్రమైతే ఇందిరాపురంలో ఇంకో ఇద్దరితో కలిసి అద్దెకుంటున్న ఫ్లాటు. అంతకు మించి అతని జీవితంలో పెద్దగా ఏమీ లేదు.

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. పేరు హారిక. ఉద్యోగాలు పోయిన వాళ్ళ లాప్‌టాప్‌లు ఖాళీ చేయించి, అకౌంట్లు మూసేయడం ఈ వారం ఆమె పని.

“అరె!” అంది స్క్రీన్ చూసి. “మీ డెస్క్‌టాప్ మీద వాల్‌పేపర్ ఉందా అసలు?”

ఉంది. అరకు లోయ ఫోటో ఒకటి. దాని మీద ఐకాన్లు ఎంత దట్టంగా పేరుకున్నాయంటే కొండ ఎక్కడో, పొగమంచు ఎక్కడో తెలియదు.

“ఫైనల్. ఫైనల్ టూ. ఫైనల్ ఫైనల్. ఫైనల్ రియల్లీ,” ఆమె ఒక్కొక్కటే చదివింది. “ఏది సార్ ఫైనల్?”

“ఏదీ కాదండీ. ఆ ప్రాజెక్టు మధ్యలో ఆపేశారు.”

“అచ్ఛా. అయితే నాలుగూ డిలీట్.”

“ఆగండి! ఒకటన్నా ఉంచండి.”

“మళ్ళ ఎప్పుడన్న తెరుస్తరా?”

“ఏమో.”

“ఏమో అన్నవన్నీ డిలీట్,” అని ఆమె మీట నొక్కేసింది.

మెయిల్ మరీ ఘోరం. అరవై వేలకు పైగా పేరుకుని ఉన్నాయి. ఎప్పుడో ఒక్కసారి చెప్పులు కొన్న పాపానికి ఏడేళ్ళుగా వస్తున్న డిస్కౌంట్ మెయిల్స్. అయిపోయిన మీటింగులకు ఆహ్వానాలు. కంపెనీ వదిలేసి వెళ్ళిపోయిన వాళ్ళ బర్త్‌డే కేకు పిలుపులు. హారిక వాటిని పంపినవాళ్ళ పేరు ప్రకారం వరసలో పెట్టి, గుంపులు గుంపులుగా తుడిచేసింది. డౌన్‌లోడ్స్‌లో ఒకే కరెంటు బిల్లు తొమ్మిదిసార్లు ఉంటే, “ఇన్నిసార్లు కట్టిండ్రా?” అని అడిగింది. జశ్వంత్ సిగ్గుపడి, వెతుక్కునే ఓపిక లేక మళ్ళీ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకున్నానని ఒప్పుకున్నాడు.

“మీ తెలుగు భలే ఉంటుందండీ,” అన్నాడు మధ్యలో. “తెలంగాణా, ఢిల్లీ కలిపి కొట్టినట్టు.”

“మాది కరీంనగర్. కానీ పుట్టింది ఇక్కడే, ఢిల్లీ ఆర్కేపురం సర్కారీ క్వార్టర్స్‌ల. నాన్న సెంట్రల్ గవర్నమెంట్‌ల సెక్షన్ ఆఫీసర్. ఇంట్ల వాళ్ళు తెలుగుల తిడితే నేను హిందీల జవాబిస్త. క్యా కరూఁ, ఏం జెయ్యాలె?”

ఆమె నవ్వినప్పుడు ముందు కళ్ళు నవ్వి, ఆ తర్వాత పెదవులు నవ్వుతాయని జశ్వంత్ గమనించాడు. ఉద్యోగం పోయిన మనిషి గమనించాల్సిన విషయం కాదది. అయినా గమనించాడు.

అప్పుడే ఫోన్ మోగింది. విజయవాడనుంచి సుభాషిణి అక్క.

“ఆఁ అక్కా, ఆఫీసులో ఉన్నా. లేదు లేదు, పని బాగా ఉంది. ఈ వారమంతా ఊపిరాడేట్టు లేదు. సరే, ఉంటా.”

పెట్టేసి చూస్తే హారిక స్క్రీన్ వైపే చూస్తోంది. విన్నట్టు గానీ, విననట్టు గానీ లేదు ఆమె ముఖం.

బుధవారం సెంట్ ఐటమ్స్ దగ్గరకొచ్చారు. జశ్వంత్ తను రాసిన పాత మెయిల్స్ తెరిచి చదవడం మొదలుపెట్టాడు. సర్వర్ పడిపోయిన పూట రాసినవి. జ్వరంతో పడుకుని రాసినవి. కొత్తగా చేరిన పిల్లలకు ఓపిగ్గా పని నేర్పుతూ రాసినవి.

“ఇవీ తీసేస్తే నేనిక్కడ పని చేశానని ఎవరికి తెలుస్తుందండీ?”

హారిక చేయి మౌస్ మీద ఆగిపోయింది. కాసేపటికి, “చాయ్ తాగుదామా?” అంది.

గేటు బయట రేకుల కొట్టు కింద నిలబడి అల్లం టీ తాగారు. వర్షం రేకుల మీద పడి, అంచులవెంట దారాలుగా కారుతోంది. అతని భుజం తడుస్తోందని ఆమె చూసి, తనే ఒక అడుగు వెనక్కి జరిగి చోటిచ్చింది. ఆ కాస్త చోటులో నిలబడితే జశ్వంత్‌కి సోమవారం తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా అందింది.

అదే మర్నాటికి పాడైపోయింది.

గురువారం పొద్దున అతను ఐటీ గదికి వెళ్ళేసరికి హారిక వేరే ఎవరిదో లాప్‌టాప్ ఖాళీ చేస్తోంది. చేస్తూ చేస్తూ సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ లాప్‌టాప్ మనిషి, నడివయసు పెద్దాయన, పక్కనే తల దించుకుని కూర్చున్నాడు. పెద్దాయన వెళ్ళిపోయేదాకా ఆగి జశ్వంత్ లోపలికి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదు. పంపిన దరఖాస్తులకు ఒక్క జవాబూ లేదు. లోపలున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

“మీకు బాగానే ఉంటుందిలెండి. ఇక్కడ మనుషులు చచ్చిపోతుంటే మీకు పాటలొస్తున్నాయి. ఏమో అన్నవన్నీ డిలీట్! ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?”

హారిక ముఖంలో రంగు మారింది. కూనిరాగం తీసిన పెదవులు బిగిసిపోయాయి.

“మిగిలింది నేను చూస్కుంట,” అంది నెమ్మదిగా. “మీరు రేపు వచ్చి తీస్కపోండి.”

ఆ సాయంత్రం ఇందిరాపురంలో బాల్కనీలో కూర్చున్న జశ్వంత్‌కి ఉద్యోగం పోయిన బాధ కంటే ఆ ముఖమే ఎక్కువగా గుచ్చుకుంది.

శుక్రవారం వాన ఆగలేదు. అండర్‌పాసుల్లో నీళ్ళు నిలిచి సగం ఆఫీసు రానేలేదు. జశ్వంత్ ముందుగా ఐడీ కార్డు ఇచ్చేయడానికి అడ్మిన్‌లో కస్తూరి దీదీ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కార్డు తీసుకుని డబ్బాలో వేసింది. డబ్బాలో పైనే ఇంకో కార్డు ఉంది. అందులోంచి హారిక ఫోటో చూస్తోంది.

“ఇదేంటి దీదీ?”

“అచ్ఛా, నీకు తెలీదా? ఆ పిల్లది కాంట్రాక్టు కదా బేటా. మీ అందరివీ మూసేశాక తనదీ అయిపోయినట్టే. నెల మొదట్లోనే చెప్పేశారు పాపం.”

నెల మొదట్లోనే. అంటే అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్న రోజునాటికే ఆమెకు తెలుసు.

ఐటీ గదిలో హారిక ఒక్కతే ఉంది. అతన్ని చూసి పెన్‌డ్రైవ్ ముందుకు జరిపింది.

“అయిపోయింది సార్. ఫోటోలు, సర్టిఫికెట్లు, పే స్లిప్పులు. పెన్‌డ్రైవ్‌ల సగం కూడ నిండలేదు.”

ఏడేళ్ళు. సగం కూడా నిండలేదు.

“నన్ను క్షమించండి,” అన్నాడు. “నిన్న నేను అనకూడని మాటలన్నాను.”

“నా సంగతి ఎవరు చెప్పిండ్రు?”

“కస్తూరి దీదీ.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. “పాట పాడకపోతే ఏడుపొస్తది. మీ అందరి ముందు నేను ఏడిస్తే బాగుంటదా?” ఆమె కిటికీ అద్దం మీది ఆవిరి వేలితో తుడిచింది. “నాన్న రిటైరయిండు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. నా జీతంతోనైనా ఇక్కడ చిన్న ఇల్లు తీసుకుందామనుకున్న. అదీ అయిపోయింది. ఇప్పుడు కరీంనగర్ పోతున్నం. నాకు కరీంనగర్ అంటే ఎండాకాలం సెలవులే తెలుసు, జశ్వంత్ గారూ. ఈడ మద్రాసీ అంటరు. ఆడ ఢిల్లీ పిల్ల అంటరు. నాకు ఊరే లేదు.”

అతనికి ఓదార్చడం చేతకాలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“మీ లాప్‌టాప్ ఎవరు చూస్తారు?”

“నన్ను పెట్టుకున్న ఏజెన్సీనుంచి మనిషి రావాలె. వానకి రాలేనన్నడు. ఎవరన్న పక్కన కూర్చుని చూసి సంతకం పెడితే చాలట.”

“నేను పెడతాను. తెరవండి.”

ఆమె తెరిచింది.

స్క్రీన్ మీద ఏమీ లేదు. కంపెనీ ఇచ్చిన నీలం రంగు, ఒక మూల రీసైకిల్ బిన్. అదీ ఖాళీయే. ఫోటోలు లేవు. డౌన్‌లోడ్స్ లేవు. మెయిల్‌లో ఆ వారం ఆఫీసు పని తప్ప ఇంకేమీ లేదు. రెండేళ్ళు పనిచేసిన మనిషి ఆనవాలు ఒక్కటి కూడా లేదు.

“ఏమీ దాచుకోలేదేంటండీ?”

“కాంట్రాక్టు వాళ్ళు సామాను పెట్టుకోవద్దని చేరిన రోజే చెప్పిండ్రు. ఎప్పుడు పొమ్మన్నా లేచి పోయేటట్టుండాలె.” ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే విరిగి ఏడుపైపోయింది.

జశ్వంత్ ఆమె చేయి పట్టుకోలేదు. పట్టుకునే ధైర్యం లేదు. కానీ ఆమె ఏడుపు ఆగేదాకా లేవలేదు. ఆ తర్వాత సంతకం పెట్టాడు.

రెండు లాప్‌టాప్‌లూ అప్పగించి, ఒకే గొడుగు కింద నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ మెట్రో స్టేషన్‌కి నడిచారు. అతనుండే ఇందిరాపురం అటుకాదు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ప్లాట్‌ఫారం మీద ఉండగా మళ్ళీ సుభాషిణి అక్క ఫోను. జశ్వంత్ ఒక క్షణం ఫోన్ వైపు చూసి ఎత్తాడు.

“అక్కా, నా ఉద్యోగం పోయింది. సోమవారమే పోయింది. నీకు అబద్ధం చెప్పాను.”

“సోమవారంనుంచీ వేళకి తింటున్నావా లేదా?” అని అటునుంచి వినిపించింది.

అంతే, జశ్వంత్ స్తంభం వైపు తిరిగి నిలబడిపోయాడు. హారిక అతని భుజం మీది సంచి మెల్లగా తీసి తను పట్టుకుంది.

రైలు వచ్చింది. బొటానికల్ గార్డెన్‌లో దిగి ఇంకో లైను ఎక్కి, ఆర్కేపురం దగ్గరయ్యేదాకా అతను మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాడు.

“హారిక గారూ, ఇది చెప్పాల్సిన సమయం కాదని తెలుసు. కానీ మీరు వెళ్ళిపోతున్నారు. మీరంటే నాకిష్టం.”

ఆమె అతని వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మీకు నౌకరీ లేదు. మాకు ఇల్లు లేదు. ఇప్పుడు ప్రేమనా? టైమింగ్ చూడండి!”

“అవునండీ. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. చెప్పకుండా ఉండలేకపోయాను, అంతే.”

ఆర్కేపురం స్టేషన్‌లో దిగినప్పుడు మాత్రం ఆమె అతన్ని వెళ్ళిపొమ్మనలేదు.

క్వార్టర్ తలుపు తెరిచే ఉంది. లోపలంతా మూటలు, అట్టపెట్టెలు, గోడల మీద కేలండర్లు తీసేసిన తెల్లటి మచ్చలు. హారిక వాళ్ళ నాన్న శేషగిరి కొబ్బరితాడుతో పరుపు చుట్ట కడుతున్నాడు. అమ్మ కమల గిన్నెల మధ్య కూర్చుని ఉంది.

“ఆఫీసుల నాతోని పనిచేసిండు నాన్నా, జశ్వంత్ అని,” అంది హారిక.

“ఏం చేస్తుంటవ్ బాబూ?” శేషగిరి తల ఎత్తకుండానే అడిగాడు.

“ఇవాళ్టినుంచి ఏమీ చేయట్లేదండీ. ఉద్యోగం పోయింది.”

తాడు ఆగింది. శేషగిరి కళ్ళద్దాలు పైకి తోసుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

“మరి గీ వానల గింత దూరం ఎందుకొచ్చినవ్?”

“హారిక గారంటే ఇష్టమని చెప్పానండీ. ఆవిడ ఏమీ అనలేదు. మీకు తెలియకుండా చెప్పి వెళ్ళిపోవడం బాగుండదని వచ్చాను.”

హారిక తలుపు పట్టుకుని నేల చూస్తోంది.

శేషగిరి తాడు కింద పెట్టాడు. కూతురి ముఖం చూశాడు. తన చుట్టూ ఉన్న మూటల్ని చూశాడు. ఉద్యోగమంతా గడిచిన ఈ గోడల్ని చూశాడు.

“లారీ ఆదివారం పొద్దున వస్తది,” అన్నాడు చివరికి. “ఈ బీరువా నా ఒక్కనితోని కాదు. ఆ కొస పట్టు.”

జశ్వంత్ వెళ్ళి బీరువా కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుమ్మం దాకా జరిపారు. ఆగి, ఊపిరి తీసుకున్నారు. శేషగిరి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అదే తువ్వాలు అతనికిచ్చాడు.

“పొద్దట్నుంచి ఏం తినలే కదా నువ్వు,” అంది హారిక, తలుపు దగ్గరినుంచే. “చేతులు కడుక్కో పో. అన్నం పెడ్త.”

“నువ్వు” అన్న ఆ మాటకి కమల చప్పున తలెత్తి కూతురి వైపు చూసింది. ప్రయాణానికి గట్టిగా బిగించి కట్టిన బియ్యం డబ్బా దగ్గరికి జరిగి, దాని తాడు విప్పడం మొదలుపెట్టింది.