నీలిరెక్కకి భయం వేసిన రోజు

"ఇందులో నేనెక్కడ రాయాలండీ?"

మనవాడు అడిగాడు గానీ, ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు. బల్ల మీదున్న పేజీలో ఓ మూల మెట్లు, ఓ మూల సగం మొహం. మిగతాదంతా నల్ల ఇంకే.

"ఏం రాయాలి?" అంది.

"మాటలు. నా ఉద్యోగం అదే."

"ఈ పేజీలో ఎవరూ మాట్లాడరు."

"పోనీ తర్వాతి పేజీలో?"

"అక్కడా భయపడుతుంటారు. భయపడ్డవాళ్లకి నోరు పెగలదు కదండీ."

మనవాడు తెచ్చుకున్న పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

విషయం ఏంటంటే, అదొక కామిక్స్ ఆఫీసు. బొమ్మల్లో మనుషుల నోటి పక్కన తెల్లటి బుడగలు గీసి, వాటిలో చేత్తో మాటలు రాసేది మనవాడే. అందుకే అందరూ వాడిని బుడగ అంటారు. పేజీలో మాటలు లేకపోతే వీడికి పని లేదు. పని లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

వాళ్ల హీరో పేరు నీలిరెక్క. నీలం డ్రెస్సు, పసుపు కేప్, మొహం నిండా నవ్వు. ఎవరు ఏ మేడ మీద నుంచి పడుతున్నా సరిగ్గా టైముకి వచ్చి పట్టేసుకుంటాడు. ఆ బొమ్మలు వేసిన పెద్దాయన బుడగని కుర్చీ ఎక్కించి, చేతులు చాపించి, వాడిని చూస్తూ గీసేవాడు. కేప్ కూడా నిజందే. బుడగ వాళ్లక్క టైలరు. పాత కర్టెను కత్తిరించి కుట్టి ఇచ్చింది.

పెద్దాయన రిటైరయ్యాడు. చూసిన నవ్వే చూడలేక జనం కొనడం మానేశారు. పుస్తకాలు కట్టలు కట్టలుగా వెనక్కి రావడం మొదలైంది. అప్పుడు ఎడిటరు గారు ఈ అమ్మాయిని తెచ్చారు. కథా ఆవిడదే, బొమ్మా ఆవిడదే. వచ్చీ రావడంతోనే నీలిరెక్క మొహం మీద నవ్వు తీసేసింది. ఆవిడ కథలో నీలిరెక్క ఓ రోజు ఆలస్యంగా వస్తాడు. ఆ ఆలస్యానికి ఒకావిడ ప్రాణం పోతుంది. అప్పటి నుంచి వాడికి మేడ అంచున నిలబడాలంటేనే కాళ్లు వణుకుతాయి.

ఎడిటరు గారికి చెమటలు పట్టాయి. పిల్లలు దడుచుకుంటారమ్మా అన్నారట. దడుచుకోవాలనే సార్ అందట ఈవిడ. చివరికి ఈ ఒక్క సంచికకి ఒప్పుకున్నారు. అది కూడా వెనక్కొస్తే నీలిరెక్కని మూసేస్తారు. ఈవిడేమో వేరే ఊళ్లో ప్రకటనల కంపెనీలో ఉద్యోగానికి వెళ్లిపోతుంది.

ఆఫీసంతా ఆవిడని వెనకాల చీకటి మేడం అనేవాళ్లు. ఆ పేరు పెట్టిందెవరో మీరే ఊహించుకోండి.

సంచిక మొత్తానికి ప్రాణం చివరి పేజీ. మేడ అంచున నీలిరెక్క, జీవితంలో మొదటిసారి భయంతో. పేజీ అంతా ఆ ఒక్క మొహమే. దానికోసం బుడగ మళ్లీ కేప్ కట్టుకోవాల్సి వచ్చింది.

కానీ వీడికి భయం నటించడం రాదు. కళ్లు పెద్దవి చేస్తే పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నారంది. నోరు తెరిస్తే ఆవలింతలా ఉందంది.

చీకట్లో అయినా వస్తుందేమోనని కింద గోడౌన్‌లోకి తీసుకెళ్లింది. వెనక్కొచ్చిన పుస్తకాల కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. తలుపు మూసి లైటు ఆపింది. చెమ్మ వాసన. కట్టల వెనక ఏదో గోకుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి దగ్గరగా.

"ఎలకలండీ. మన పుస్తకాలు చదివేది ఇప్పుడు అవే," అన్నాడు బుడగ.

ఆవిడ నవ్వలేదు. చీకట్లో తడుముకుని వాడి చొక్కా పట్టుకుంది. ఆ పట్టు వదల్లేదు. చీకటంటే భయం ఈ చీకటి మేడంకేనని వాడికి అప్పుడు అర్థమైంది.

లైటు వేయబోతే వద్దంది. ఆ చీకట్లోనే చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు ఓ సాయంత్రం వాళ్లమ్మ వంటగదిలో కుప్పకూలిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కరెంటు లేదు. ఈ పిల్ల నీలిరెక్క పుస్తకం గుండెలకి హత్తుకుని కిటికీ దగ్గర నిలబడింది, వస్తాడని. నాన్న వచ్చేసరికి అంతా అయిపోయింది.

"వాడు రాలేదండీ," అంది. "రాలేకపోయినందుకు వాడెంత భయపడి ఉంటాడో, అది ఒక్కసారి గియ్యాలి. ఆ తర్వాత వెళ్లిపోయినా ఫర్వాలేదు."

వెళ్లిపోయినా అన్న ముక్క మనవాడి లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఆ రోజు నుంచి వీడికి భయం పట్టుకుంది. ఉద్యోగం గురించి కాదు. పక్క గదిలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించకపోతే భయం. ఆవిడ ఫోను తీసుకుని పక్కకెళ్తే భయం, ఆ కంపెనీవాళ్లేమోనని. ఇంట్లో అక్క మిషను తొక్కుతూ, కంచంలో చెయ్యి పెట్టుకుని గోడ చూస్తున్నావు, గోడ మీద ఎవరున్నార్రా అని అడిగింది. ఎవరూ లేరన్నాడు. మరి చెవులెందుకు ఎర్రబడ్డాయంది.

మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం, ఇంక టైము లేదని, ఆఫీసు మేడ మీదకే తీసుకెళ్లింది. ఇరుకు మేడ. పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. నేలంతా నాచు. కింద రోడ్డు మీద బస్సులు అగ్గిపెట్టెల్లా కదులుతున్నాయి. జల్లు మొదలైంది.

బుడగ కేప్ కట్టుకుని ఈ అంచున నిలబడ్డాడు. వాడికి ఎత్తంటే లెక్కే లేదు. వెనక అంత లోతున్నా హాయిగా నవ్వుతున్నాడు. ఫోటో చూసి గీద్దామని ఆవిడ కెమెరా కంటికి పెట్టుకుని, మొహంతో పాటు మేడ అంచు కూడా పట్టడం లేదంటూ వెనక్కి అడుగేసింది. ఇంకో అడుగు. ఆవిడ మడమ అవతలి పిట్టగోడకి తగలబోతోంది.

బుడగ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"అదే, అదే. కదలకండి," అంటూ ఆవిడ క్లిక్కుమనిపించింది. సంబరంగా ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"ఆగవే!"

వీడు అరవడం, దూకడం, ఆవిడ కాలు నాచు మీద జారడం అన్నీ ఒక్కసారే జరిగాయి. గాల్లో ఆవిడ చేతికి దొరికింది కేప్ ఒక్కటే. ఒక పక్క పర్రున చిరిగింది. రెండో పక్క అక్క కుట్టు ఆగింది. మెడకి బిగుసుకుంటున్నా లెక్కచేయకుండా వీడు పక్కనున్న నీళ్ల ట్యాంకు పైపు పట్టుకుని ఆవిడని ఇవతలికి లాగాడు.

ఇద్దరూ తడి నేల మీద కూలబడ్డారు. తర్వాత ఆవిడ కెమెరా తీసుకుని కిందికి వెళ్లిపోయింది. గది తలుపు వేసుకుంది.

మర్నాడూ, ఆ మర్నాడూ తలుపు తెరవలేదు. మనవాడు ఆఫీసులో మేడంని పట్టుకుని ఆగవే అన్నాడు మరి. మెడ మీద కేప్ ఒరుసుకున్న చోట మంట, లోపల అంతకంటే ఎక్కువ మంట. ఈపాటికి ఆ కంపెనీకి ఫోను చేసేసి ఉంటుందనుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క ఆఫీసుకి వచ్చింది, చేతిలో చిరిగిన కేప్‌తో. నా కుట్టు ఊరికే చిరగదు, ఏం జరిగిందో వాడు చెప్పడం లేదు, మీరైనా చెప్పండి అని నేరుగా ఆ గది తలుపు తోసింది. ఆపబోయిన బుడగ వెనకే ఆగిపోయాడు.

బల్ల మీద చివరి పేజీ ఉంది. వానలో ఒక మొహం, అంతే. అక్క దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"ఈ మొహం నాకు తెలుసమ్మాయ్," అంది. "వీడికి చీకటన్నా, ఎత్తన్నా భయం లేదు. నాకు ఆపరేషన్ అయినప్పుడు బయట బెంచీ మీద ఇదే మొహంతో కూర్చున్నాడు. సొంత మనిషికి ఏదైనా అవుతుందంటే తప్ప వీడికి ఈ మొహం రాదు. ఎవర్ని చూసి పెట్టాడు?"

ఆవిడ పేజీ వంక చూసింది. తర్వాత వాడి వంక.

"నన్ను," అంది.

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కేప్ మడత పెట్టుకుంది. అయితే ఈసారి డబుల్ కుట్టు వెయ్యాలి అనుకుంటూ బయటికి నడిచింది.

పేజీలో ఆ మొహం పక్కన ఖాళీ బుడగ ఒకటి ఉంది. సంచిక మొత్తానికి అదొక్కటే. ఆవిడ పెన్ను అందించింది.

"ఆ రోజు ఏమన్నారో అదే రాయండి."

"అది మేడంతో అనే మాట కాదండీ."

"అందుకే రెండు రోజులు ఆలోచించాను."

రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. చెరిపి రాస్తానంటే వద్దంది.

"వెళ్లిపోతారా?" అని అడిగాడు, నేల చూస్తూ.

"ఆగమన్నారుగా," అంది.

సంచిక బయటికెళ్లాక అందరి ప్రాణాలూ గుప్పిట్లోనే ఉన్నాయి. కట్టలు తెచ్చే వ్యాను కోసం ఎడిటరు గారు కిటికీ వదల్లేదు. వ్యాను వచ్చింది, ఖాళీగా. ఇంకా పుస్తకాలు కావాలని అడగడానికొచ్చిందది. ఎడిటరు గారు అక్కడే కుర్చీలో చతికిలబడి, మిగతా కథ కూడా రాసెయ్యమ్మా, ఎంత నల్లగా కావాలంటే అంత నల్లగా అన్నారు.

కొత్త నీలిరెక్కకి కేప్ ఉండదు. ఎందుకు లేదో ఆన్‌లైన్‌లో కుర్రకారు పెద్ద పెద్ద వ్యాసాలే రాస్తున్నారు. గర్వం వదిలేశాడని ఒకరు, శిక్ష వేసుకున్నాడని ఒకరు.

అసలు సంగతి, ఫోటోలు తీసేటప్పుడు ఆ కేప్ ఆవిడ నడుముకి కట్టి ఉంటుంది. రెండో కొస బుడగ గుప్పిట్లో ఉంటుంది. అయినా సరే, ఆవిడ ఒక్క అడుగు వెనక్కి వేసిందంటే వాడి మొహం పాలిపోతుంది.

ఫోటోలు మాత్రం బ్రహ్మాండంగా వస్తున్నాయి.