వీరభద్రం పెట్టిన బొట్టు

బొమ్మ కింద తన పేరును జానెడు పొడవున రాసుకోవడం వీరభద్రానికి గొప్ప కోసం కాదు, చూపు ఆనని ముసలివాళ్ల మీద దయ. బొమ్మ ఎవరిదో తెలియకపోయినా, గీసిందెవరో తెలియాలి కదా.

ముప్పై అయిదేళ్లు హనుమకొండ చౌరస్తాలో బట్టల కొట్లో జాకెట్టు గుడ్డలు చింపిన చేయి అరవై ఒకటో ఏట కుంచె పట్టింది. గురువంటే ఫోన్‌లోని వీడియోలే. మొదటి బొమ్మ చూసి భార్య కళావతి, "ఆవుకు అయిదు కాళ్లెందుకయ్యా?" అంది.

"అది తోకనే."

"మరి తోక మీద నిలవడ్డదేంది?"

నమ్మినవాడు ఒక్కడే, కొత్తవాడలో ఫోటోలకు ఫ్రేములు కట్టే వెంకట్రాజం. పోయినవాళ్ల ఫోటోలు తెచ్చి, దినం నాటికి రంగుల బొమ్మ గీయమనేవాడు. ఒక్కటే షరతు. చివరన నుదుట కుంకుమబొట్టు వీరభద్రమే పెట్టాలి. పోయినవాళ్ల పటానికి బొట్టు పెట్టడం అందరూ చేసేదే కదా అని పెట్టేవాడు. తొమ్మిది నెలల్లో ఏడు బొమ్మలు. "నీ బొమ్మ చూసి ఇల్లంత ఏడ్సిందన్నా" అని వెంకట్రాజం అన్నప్పుడల్లా, ఇంటికెళ్లి అద్దంలో ఆర్టిస్టును చూసుకునేవాడు.

ఎనిమిదోది యాకయ్య బొమ్మ. ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటున్న మనిషి. ఆ సాయంత్రం ముసురు పట్టింది. వెంకట్రాజం ఫోన్ ఎత్తలేదు. బొట్టు తడి ఆరకముందే బొమ్మను పాత చీరలో చుట్టుకుని వీరభద్రమే దుకాణానికి బయల్దేరాడు.

కరెంటు లేదు. వార్నిష్ వాసన, దాని అడుగున వాడిన బంతిపూల వాసన. లోపలెక్కడో మేకు కొడుతున్న చప్పుడు. టక్... టక్...

స్టూలు మీద ఎవరో ఉన్నారు.

"కూసో అన్నా. వెంకట్రాజమన్న లోపటున్నడు."

వీరభద్రం సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఎడమ కనుబొమ్మ... మధ్యలో గాటు.

"నీ పేరేంది తమ్మీ?"

"యాకయ్య." అతను నుదురు రుద్దుకున్నాడు. "జర ఈడ మండుతాంది. సూది గుచ్చినట్టు..."

గంట కిందట కుంచె ఆనిన చోటు అది.

"మల్ల వస్త" అంటూ యాకయ్య వానలోకి నడిచాడు. మేకు చప్పుడు ఆగింది. చీకట్లోంచి వెంకట్రాజం గుసగుసగా అన్నాడు.

"నువ్వెందుకొచ్చినవన్నా?"

"వాడు... బతికున్నడు."

"పొద్దుగూకేదాక."

"నాకు చెప్పలేదేంది?"

"చెప్తే నీ చెయ్యి వణుకుతది."

"ఆ ఫోటోలు ఎవరిస్తాండ్రు?"

"తెల్వదు. తెల్లారంగ షట్టర్ కింద ఉంటయి. ఇంటోళ్లు తర్వాత వస్తరు. అప్పటికి బొమ్మ తయారుంటది."

"మరి నా బొమ్మ చూసి ఏడ్సిండ్రంటివి..."

"పోయినోళ్ల కోసం ఏడ్సిండ్రు. నీ బొమ్మలేం బాగుంటయన్నా! నాకు బొట్టు పెట్టే నీ చెయ్యే కావాలె."

తన బొట్టుతోనే ఏడుగురు పోయారన్న సంగతికంటే ముందు ఇదే గుచ్చుకుంది. సిగ్గుపడాల్సిన సంగతే. చీర విప్పి కొంగుతో బొట్టు తుడిచాడు. రాలేదు. మళ్లీ రుద్దాడు. వేలికి వెచ్చగా తగిలింది... ఒంటి మీది పుట్టుమచ్చలా.

బయట ఎవరో అరిచారు. "యాకన్నా! అయ్యో, యాకన్నా!"

వీరభద్రం మళ్లీ ఆ వీధికి పోలేదు. కుంచెలు కట్టి అటక మీద పడేశాడు. వారం తర్వాత, తెల్లవారేసరికి ఇంటి తలుపు కింద ఒక కవరు కనిపించింది.

లోపల కళావతి ఫోటో. వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. ఒంటి మీద నిన్ననే కట్టిన కొత్త ఆకుపచ్చ చీర. ఎదురుగా నిలబడి తీసిన ఫోటో. వంటింట్లో ఆమె కూర్చునే చోట ఎదురుగా ఉన్నది గోడ, మనిషి నిలబడే చోటే లేదు.

చింపేద్దామనుకున్నాడు. బొమ్మలు బాగుండవని వెంకట్రాజం అన్నాడు కదా, కుంచెలు దించి కళ్లు మాత్రం గీసి చూపిద్దామనుకున్నాడు. కళ్లు కుదిరాయి. ముక్కూ కుదిరింది. ఇంత పోలిక అతనికి జన్మలో రాలేదు. ఇప్పుడు మిగిలింది కళావతి రోజూ పెట్టుకునే బొట్టు ఒక్కటే. అది లేక ముఖం బోసిగా ఉంది.

వీడియోలు చూసి రంగులు కలపడం నేర్చుకున్నాడు, నీడలు వేయడం నేర్చుకున్నాడు. బొమ్మను సగంలో ఆపడం మాత్రం వీరభద్రానికి ఇంకా రాలేదు.