వారానికో జత

"మీ క్వార్టర్ ముందు నలభై మొక్కలు పడతాయి. అన్నీ ఒకే రోజు నాటాలి. లేకపోతే కంచె ఎగుడుదిగుడుగా వస్తాది," అంది జ్యోతిర్మయి.

"రెండు చాలండి," అన్నాను.

"రెండు మొక్కల్తో కంచేటండీ? మేకక్కూడా నవ్వొస్తాది."

మా రైల్వే కాలనీకి దగ్గర్లో, హిందీ ఊరు మోప్కాలో ఉన్న ఆ మొక్కల నర్సరీ వాళ్ల నాన్న అమ్మన్నగారిది. రైల్వే గార్డుగా రిటైరయ్యారు. కుండీల మధ్య కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లకి పచ్చజెండా ఊపినంత శ్రద్ధగా తల ఊపుతుంటారు. మాట్లాడే పని, అమ్మే పని కూతురివి.

నేను సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. ఆదివారం సెలవు. నలభై మొక్కలూ ఒకేసారి కొనేస్తే ఆ అమ్మాయిని మళ్లీ చూడ్డానికి నాకు వంకేదీ? రెండేసి కొంటే ఇరవై ఆదివారాలు వస్తాయి. ఈలోగా మనసులో మాట చెప్పేస్తానని నా నమ్మకం.

ప్రతివారం ఒక పసుపు ఆకుల డ్యురాంటా, ఒక ఎర్ర ఆకుల అకాలిఫా తెచ్చుకునేవాణ్ణి. పన్నెండు వారాల్లో నేను చెప్పగలిగింది, "ఎండ బాగా ఉందండి." జూలైలో దాన్ని "వాన బాగా ఉందండి" అని మార్చాను.

పదమూడో ఆదివారం ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"రాజేంద్రగారూ, మీకింక మొక్కలు అమ్మను."

"ఏం జరిగిందండీ?"

"వారానికి రెండు కొంటన్నారంటే, వారానికి రెండు చచ్చిపోతన్నాయనే కదా! మా మొక్కలు రాతి మీదైనా బతుకుతాయి. ఏటి పోస్తన్నారు వాటికి, డీజిలా?"

"నీళ్లేనండి."

"అచ్ఛా? చలియే, దిఖాయియే!"

కోపం వస్తే ఆమెకు హిందీ వస్తుంది. పదండి, చూపించండి అంటోంది. స్కూటీ కూడా తీసింది. నేను బైక్ మీద ముందు వెళ్తుంటే, కాలనీ దాకా వెనక హారన్ కొడుతూనే ఉంది. మొక్కలు బతికే ఉన్నాయని చూపిస్తే నా గుట్టు బయటపడుతుంది. చచ్చాయంటే ఇక అమ్మదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గేటు దగ్గర ఆమె ఆగిపోయింది.

ఇరవై నాలుగు మొక్కలూ వానకి తడిసి నిగనిగలాడుతున్నాయి. గేటు పక్క జత మోకాలు దాటింది. దాని పక్కది కాస్త పొట్టి. అలా దిగుతూ దిగుతూ చివరి జత జానెడుంది. కంచె కాదు, మెట్లు.

"ఒక్కటీ చావలేదు," అంది.

"లేదండి."

"మరెందుకండీ..."

"మీరంటే ఇష్టమండి. అన్నీ ఒకేసారి కొంటే మళ్లీ రావడానికి వంక ఉండదని."

ఆమె మెట్లనే చూస్తోంది. చెవులు మాత్రం అకాలిఫా రంగుకి తిరిగాయి.

"కంచె పాడు చేసీసేరు."

"బాగు చెయ్యలేమా?"

"అన్నిటినీ చిన్నదాని ఎత్తుకి కత్తిరించాలి. పెరిగితే మళ్లీ కత్తిరించాలి. ఏడాది పడతాది. మీ చేతికి కత్తెరిస్తే ఉన్నవీ పోతాయి. ఆదివారం ఆదివారం నేనే వస్తాను."

"వాన బాగా ఉందండి," అన్నాను.

ఆమె ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. "నాన్నా, ఈయనకి మిగతా పదహారు మొక్కలూ ఒకేసారి ఇచ్చీద్దాం."

"ఈ వారం జత తీసి కుర్చీ కింద పెట్టీసేనమ్మా," అన్నారు అమ్మన్నగారు. "ప్రతి శనివారం సాయంత్రం నా డ్యూటీ అదే. చెప్పీసేడేటి కుర్రాడు?"

జ్యోతిర్మయి నా వైపు చూసింది. "చెప్పీసేడు నాన్నా."

"ఇరవై వారాలు పడతాదనుకున్నాను. బండి బిఫోర్ టైమే వచ్చీసింది. భోజనానికి తీసుకొచ్చీ."