కొమ్ముల కవచం

"అట్ల కాదు కోడలా, సోఫా పని అని రాయకు. లారీ సీట్ల పని అని రాయి. నేను నిమ్మలంగ చెప్త, నువ్వు నీ బడి తెలుగుల పెట్టు. నా మాటలు ఉన్నదున్నట్టు రాస్తే శ్యాంసుందర్ నవ్వుకుంట సగంల పక్కన పెడ్తడు. ఆ ఐతారం పొద్దుగాల కాడికెల్లి మొదలువెట్టు."

ఆ ఆదివారం పొద్దున కోదాడలో మన ఇంటి ముందర, ఎప్పటిలాగే పాత లారీ సీటు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఆ సీటు నేను కుట్టిందే. లారీ తుక్కుకు పోయింది, సీటు మన గడప ముందు మిగిలింది. రమ్యా, నువ్వు వంటింట్లో ఉప్మాకు ఉల్లిగడ్డలు కోస్తున్నావు. నా కొడుకు శ్యాంసుందర్ వారమంతా మిర్యాలగూడలో ఆఫీసు పని చూసుకుని, అలవాటు ప్రకారం శనివారం బస్సుకు ఇంటికొచ్చాడు. అప్పుడు స్నానం చేస్తున్నాడు. అదే అదనుగా మీ బిడ్డ జ్యోత్స్న పెద్ద సంచి ఒకటి పట్టుకుని పిల్లిలా గడప దాటబోతోంది. నువ్వు చూశావు. చూడనట్టు ఉల్లిగడ్డలు కోస్తూనే ఉన్నావు. ఇది కూడా రాయి.

ప్రతి ఆదివారం ఆ పిల్ల సూర్యాపేటలో కోచింగ్ పరీక్ష రాసి వస్తుంది. సర్కారు కొలువు కొట్టాలని తండ్రి చేర్పించిన కోచింగ్ అది. ఆ రోజు కూడా పరీక్ష ఉంది. సంచిలో మాత్రం పుస్తకాలు లేవు.

జ్యోత్స్నకు చిన్నప్పటి నుంచి జపాను బొమ్మల కథలంటే పిచ్చి. ఫోన్‌లో చూస్తుంది, చదువుతుంది, ఆ బొమ్మలు గీస్తుంది. అదే పిచ్చి ఉన్న పిల్లలు మిర్యాలగూడలో, సూర్యాపేటలో, మన కోదాడలో చాలామంది ఉన్నారట. అందరూ కలిసి సూర్యాపేటలో ఒక రోజు పండుగ పెట్టుకున్నారు. మూఢం నడుస్తోంది కాబట్టి పెళ్లిళ్లు లేవు, ఫంక్షన్ హాలు ఖాళీగా దొరికింది. ఆ కథల్లోని మనుషుల్లా వేషం కట్టి వేదిక మీద నడవడం వాళ్లకు పెద్ద ముచ్చట.

మన పిల్ల కట్టేది కొండను కాపాడే ఆడ సేనాపతి వేషం. తలకు రెండు కొమ్ములు, ఛాతీకి కవచం, భుజాల మీద రెక్కల్లాంటి తొడుగులు. నాలుగు నెలల కింద నా షాపుకొచ్చి, "తాతా, స్పాంజి వంచితే మల్ల సాపుగ కాకుండ ఎట్ల నిలవడ్తది?" అని అడిగింది. నలభై ఏళ్లు బైపాసు పక్కన లారీ సీట్లు కుట్టినవాణ్ని. ఇప్పుడు సీట్లు కంపెనీ నుంచే వస్తున్నాయి. షాపులోకి ఈగలు తప్ప ఎవరూ రారు. అలాంటప్పుడు ఒక పిల్ల వచ్చి పని చెప్పమంటే నాకు పదేళ్లు తగ్గినట్టయింది. గట్టి స్పాంజిని ఇస్త్రీపెట్టె వేడికి ఎలా వంచాలో చూపించాను. దబ్బనం పట్టడం నేర్పాను.

అన్నిటికంటే ముందు సొల్యూషన్ సంగతి చెప్పాను. మా పనిలో జిగురును అలా అంటాం. దాన్ని రెండు ముక్కలకూ పూయాలి. పూసి ఊరుకోవాలి. వేలి వెనకవైపు ఆనిస్తే అంటుకోనంతగా ఆరాక, అప్పుడు కలిపి నొక్కాలి. పచ్చి మీద అంటిస్తే పట్టినట్టే ఉంటుంది. మధ్యాహ్నం ఉక్కకు ఊడుతుంది.

శ్యాంసుందర్ తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి సంచి మూతిలోంచి ఒక కొమ్ము బయటికి చూస్తోంది.

"ఏందిది?" అన్నాడు.

జ్యోత్స్న అబద్ధమాడలేదు. పండుగ సంగతి, పరీక్ష ఎగ్గొడుతున్న సంగతి రెండూ చెప్పింది. వాడు అరవలేదు. మెల్లగా మాట్లాడుతున్నాడంటే కోపం ఎక్కువైందని నీకు తెలిసిందే. ఇరవై ఏళ్ల ఆడపిల్ల కొమ్ములు పెట్టుకుని తిరిగితే నలుగురూ ఏమంటారన్నాడు. తోటి పిల్లలు రాత్రీ పగలూ చదువుతుంటే, నీకు ఈ స్పాంజి ముక్కలు అన్నం పెడతాయా అన్నాడు. అంటూనే సంచి పట్టి లాగాడు. ఆ పిల్ల వదల్లేదు. సంచి లోపల చర్రుమంది. ఎడమ భుజం తొడుగు కవచం నుంచి ఊడి వేలాడింది.

చింపాలని లాగలేదు వాడు. మొహంలోనే తెలిసింది. కానీ నోటి నుంచి వేరే మాట వచ్చింది. ఈ రోజే వీటన్నిటినీ తుక్కువాడికి వేసేద్దాం, ఖతం అన్నాడు.

"సాయంత్రం నేనే తెచ్చి నీ చేతుల పెడ్త నాన్న," అంది జ్యోత్స్న. "పొద్దుగూకే దాక నాదే గదా."

ఒక్క రోజే కదా, పోనియ్యరా అన్నాను. వాడు నా వైపు తిరిగాడు.

"నన్ను పోనిచ్చినవా నాయిన?"

అంతే అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

రమ్యా, ఈ సంగతి నీకు తెలియదు. వాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు బడి విడవగానే షాపు గడపలో కూర్చుని నా చేతులనే చూసేవాడు. పనిలోకి రానిచ్చేవాణ్ని కాదు. ఈ సొల్యూషన్ వాసన నాతోనే పోవాలని నా పట్టు. ఒకరోజు వాడు నాకు తెలియకుండా పారేసిన స్పాంజి, రెగ్జిన్ ముక్కలతో సింహం మొహం చేసుకున్నాడు. తలకు పెట్టుకుని షాపు ముందర లారీ డ్రైవర్లను నవ్విస్తున్నాడు. బాగుంది. ఎంత బాగుందో అప్పుడే కనబడింది నాకు. అందుకే భయమేసింది. చదువు మానేసి ఇక్కడే కూర్చుంటాడేమోనని అందరి ముందూ దాన్ని లాక్కుని, పక్కనున్న చాయ్ హోటలు పొయ్యిలో పెట్టాను. వాడు ఏడవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నా షాపు గడప తొక్కలేదు. నాకు సద్దిగిన్నె ఇవ్వాల్సి వచ్చినా రోడ్డు అవతల నిలబడి కేకేసేవాడు.

అదంతా యాదికొచ్చి నేను లేచాను. నడువు బిడ్డా, నేనూ వస్తానన్నాను.

దారిలో షాపు తెరిచి, ఊడిన భుజానికి సొల్యూషన్ పూశాను. అంతలో బస్సు హారను వినబడింది. నలభై ఏళ్లు పది మందికి చెప్పిన మాట నేనే మరిచాను. పచ్చి మీదనే నొక్కేసి, తాళం వేసి, బస్సెక్కాను. కవచం సంచిలో నలుగుతుందని దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. కండక్టరు దాన్నీ నన్నూ చూసి, "దీనికి ఆఫ్ టికెటా ఫుల్ టికెటా తాత?" అన్నాడు. పొద్దున్నుంచి జ్యోత్స్న నవ్వింది అప్పుడే.

ఆ హాలు చూడాల్సింది కోడలా. వేదిక మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు కూర్చునే సింహాసనాలు అలాగే ఉన్నాయి. వాటి ముందర నీలం జుట్టు పిల్లలు, గులాబీ జుట్టు పిల్లలు, అట్టముక్కల కత్తులు పట్టుకున్న పిల్లలు. ఒకరికొకరు నడుం వంచి దండాలు పెట్టుకుంటున్నారు. ఒక మూల బొమ్మలు గీసి అమ్ముతున్నారు. ఇంకో మూల రెండు పుల్లలతో నూడుల్స్ తినే పోటీ. నేను కూడా పుల్లలు పట్టాను. ఒక్క పోగు నోట్లోకి పోలేదు, తువ్వాల మాత్రం బాగా తిన్నది. అక్కడ ఒకరి వేషాన్ని ఒకరు వెక్కిరించడం లేదు. ఎలా చేశావు, దేంతో చేశావు అని అడుగుతున్నారు. మా షాపుల్లో పనివాళ్లు అడిగినట్టే అడుగుతున్నారు.

నీలా అని మిర్యాలగూడ దగ్గరి తండా పిల్ల, ఆ పండుగ నడిపించేది ఆమే. నా లుంగీ, ఎర్ర తువ్వాల, చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క చూసి, "మీరు ఎవరి వేషం కట్టిన్రు తాత?" అంది.

"లారీ సీట్ల పరశురాములు వేషం," అన్నాను. "నలభై ఏండ్ల సంది ఇదే కట్టిన."

ఆ పిల్ల సిగ్గుపడి, నవ్వి, అందరినీ పిలిచి నాతో ఫోటోలు దిగింది.

జ్యోత్స్న వంతు మూడింటికి. రెండున్నరకు హాలంతా ఉక్క. కవచం కట్టుకుని, కొమ్ములు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డదో లేదో, ఎడమ భుజం తొడుగు జారి నేల మీద పడింది. అతికిన చోట సొల్యూషన్ తీగలు తీగలుగా సాగింది. తప్పు నాదే బిడ్డా, ఆరనియ్యలేదు అన్నాను. పిల్లలు టేపు తెచ్చారు. ఆ బరువుకు టేపు నిలవలేదు. ఆదివారం, చుట్టుపక్కల షాపులన్నీ మూసి ఉన్నాయి. జ్యోత్స్న కాసేపు ఆ ముక్కనే చూసింది. ఇక ఇంటికి పోదాం తాతా అంది. కొమ్ములు తీయడానికి చేతులు పైకెత్తింది.

"ఆగు," అన్నారెవరో.

శ్యాంసుందర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బండి మీద వచ్చినట్టున్నాడు, జుట్టంతా దుమ్ము. చేతిలో నా షాపులోని సొల్యూషన్ డబ్బా.

ముందు నాకు అర్థం కాలేదు. మేము పోయాక వాడు ఇంట్లో కూర్చోలేకపోయాడట. రెండో తాళంచెవి తీసుకుని షాపుకు పోయాడట. ఆ పిల్ల నాలుగు నెలలు ఏం చేసిందో చూద్దామని. ముప్పై ఏళ్లు తొక్కని గడప తొక్కాడు.

"డబ్బకు మూత గూడ పెట్టలే," అన్నాడు నాతో, నా మొహం చూడకుండా. "బ్రష్షు ఇంకా పచ్చిగనే ఉన్నది. బస్సు టైముకు ఆరదు గదా. మధ్యాహ్నంకల్ల ఊడుతదనుకున్న."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాత జిగురంతా గోటితో గీకాడు. కవచానికి పూశాడు, తొడుగుకు పూశాడు. రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని ఊరుకున్నాడు. బయట మైకులో జ్యోత్స్న పేరు పిలిచారు. ఆమె కదలబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. నీలా పరిగెత్తి పోయి ఆమె వంతు చివరికి మార్పించింది.

జిగురు ఆరడానికి పది నిమిషాలు పడుతుంది. ఆలోగా వాడు అన్నాడు, "ఒక కొమ్ము జర వంకర ఉన్నది."

"వంకరనే ఉండాలె నాన్న. యుద్ధంల విరిగితే మల్ల మొలిచింది అది."

వాడు తలూపాడు. తర్వాత వేలి వెనకవైపు జిగురుకు ఆనించి చూశాడు. అది నేను వాడికి ఎన్నడూ నేర్పలేదు కోడలా. గడపలో కూర్చుని చూసి నేర్చుకున్నాడు. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. కలిపి, అరచేత్తో బలంగా నొక్కి, బిడ్డ భుజం మీద కట్టాడు. పో అన్నాడు.

జ్యోత్స్న నడిచింది. మన పిల్లేనా అనిపించింది. వేదిక మధ్యలో ఆగి చెయ్యి పైకెత్తితే భుజం రెక్క కదలకుండా నిలిచింది. పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. బహుమతి ఎవరికో వేరేవాళ్లకు వచ్చింది. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరూ తలవలేదు.

వచ్చేటప్పుడు నేను బస్సెక్కాను. కొత్తగా అతికింది సంచిలో కుక్కితే చెడుతుందని, జ్యోత్స్నను కవచంతోనే బండి వెనక కూర్చోబెట్టుకున్నాడు వాడు. నడిదారిలో హారను కొడుతూ మా బస్సును దాటిపోయారు. తండ్రి వెనకాల కొమ్ముల పిల్ల. బస్సులో వాళ్లంతా కిటికీల దగ్గరికి ఉరికారు. నా మనవరాలు అని అందరికీ చెప్పాను.

పొద్దుగూకింది. ఆ పిల్ల మాట తప్పలేదు. కవచం విప్పి తండ్రి చేతుల్లో పెట్టింది. వాడు దాన్ని పట్టుకుని షాపుకు నడిచాడు. కొత్త సీట్లకు దుమ్ము పడకుండా వేసే ప్లాస్టిక్ కవరు ఒకటి వెతికి తొడిగి, గోడ మేకుకు తగిలించాడు. పరీక్ష వచ్చే వారం రాయాలన్నాడు. రాస్తానంది. తెల్లారి వాడు మిర్యాలగూడ బస్సెక్కేదాకా నేను ఏదో అనాలనుకున్నాను. ఎదురుగా నోరు రాలేదు.

"ఇగ ఆఖరి మాట రాయి కోడలా. పొయ్యిల పెట్టింది తప్పే. శ్యాంసుందర్, నీ చదువు కోసమే అనుకున్న గని, ముప్పై ఏండ్లు నువ్వు రోడ్డు అవతల నిలవడ్డవు బిడ్డా. మొన్న నేను సింహం మొహానికి సరిపోను స్పాంజి కోసి పెట్టిన. జూలు ఎట్ల చేసినవో నాకు యాదికొస్తలేదు. నువ్వే వచ్చి చెప్పాలె. రమ్యా, శనివారం శ్యాంసుందర్ వచ్చినంక, అన్నం తిననిచ్చి, ఇదంత వానికి చదివి వినిపియ్యి. నేను షాపుల ఉంట. తాళం తీసే ఉంటది."