సున్నా దగ్గర నిజం

బుధవారం ఉదయం ఏడున్నర.

అలెగ్జాండ్రియాలో అత్తారీన్ బజారు వెనక సందు. మేస్త్రీ బిషాయ్ పనిముట్ల రిపేరు కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. బిషాయ్ తన బల్ల మీదే బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కన ఇనుప దిమ్మ. దాని మీద నెత్తురు ఎండిపోయింది.

పోలీసు మేజర్ వగీహ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. శవాన్ని చూసి కాదు. కంపుకి.

లేతు మిషన్లు వేడెక్కకుండా పోసే కూలెంట్ వేసవిలో పులిస్తే వచ్చే కంపు అది. కుళ్లిన కోడిగుడ్డుకి పాత నూనె కలిపినట్టు ఉంటుంది. మిషన్ షాపుల నుంచి రిపేరుకి వచ్చే ప్రతి పనిముట్టూ దాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. ఎంత తుడిచినా వదలదు.

"ఇందులో మనుషులెలా ఉంటార్రా అత్వా?"

"అలవాటైపోతుంది బాషా," అన్నాడు సార్జెంట్ అత్వా, దొరగారూ అన్నంత మర్యాదగా. "మా బావ టర్నరే. పెళ్లిరోజున అత్తరు సీసా మొత్తం ఒంటి మీద ఒంపుకున్నాడు. అయినా మా అక్క ముక్కు మూసుకునే కూర్చుంది."

వగీహ్ నవ్వలేదు. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. లోపలికి నడిచాడు.

గోడ నిండా అరలు. అరల నిండా ఎలక్ట్రానిక్ మైక్రోమీటర్లు, కాలిపర్లు. ఇనుప ముక్క మందాన్ని వెంట్రుకలో పదో వంతు వరకు కొలిచి, చిన్న తెర మీద అంకెల్లో చూపించే సరుకు. కొన్ని విప్పి ఉన్నాయి. కొన్ని బాగై, యజమానుల కోసం ఎదురుచూస్తున్నాయి.

వగీహ్ ఒక్కొక్కటే చూశాడు. మైక్రోమీటర్‌కి రెండు ఉక్కు మొనలుంటాయి. కొలవాల్సిన వస్తువు వాటి మధ్య ఇరకాలి. అరల్లో ఉన్న ప్రతిదానికీ ఆ మొనల మధ్య కాగితం దూరేంత సందు ఉంది. ఒక్కటంటే ఒక్కటి కూడా పూర్తిగా మూసి లేదు.

బల్ల మీద ఒక పెట్టె. మూత మీద చీటీ. 'రబాబ్, మెత్వల్లి వర్క్‌షాప్.'

మూత తీశాడు. కంపు గుప్పుమంది. జేబురుమాలు దాటి మరీ ముక్కుకి తగిలింది.

లోపల మైక్రోమీటర్ ఉంది. పాతదే. గీతలు పడ్డదే. మొనలు రెండూ గట్టిగా కరుచుకుని ఉన్నాయి. వగీహ్ జేబురుమాలు జేబులో పెట్టేసి, రెండు చేతులతో తిప్పాడు. బిగుసుకుపోయింది. ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

తెర మీద అంకె: 0.000.

"సున్నా," అన్నాడు అత్వా. "బాగానే పనిచేస్తోంది కదా బాషా?"

"ల్యాబుకి పంపు."

---

చీటీ మీద పేరున్న రబాబ్‌ని ఆ మధ్యాహ్నమే పట్టుకొచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. మెత్వల్లి వర్క్‌షాప్‌లో తయారైన ప్రతి ముక్కనీ కొలిచి, పాసో ఫెయిలో చెప్పడం ఆమె ఉద్యోగం.

రెండు వారాల కిందట సీదీ బిష్ర్ పేటలో ఒక లిఫ్ట్ తెగి పడింది. తఫీదా అనే స్కూల్ టీచర్ చనిపోయింది. లిఫ్ట్ బ్రేక్‌లో ఉండాల్సిన పిన్ను ఇరవై మిల్లీమీటర్ల లావు ఉండాలి. అది సన్నగా ఉంది. తయారుచేసింది మెత్వల్లి. పాస్ చేసింది రబాబ్.

"నిన్న సాయంత్రం ఏడింటికి బిషాయ్ కొట్లో ఎందుకు అరిచావ్?" అడిగాడు వగీహ్. "సందులోవాళ్లు విన్నారు."

"అరవలేదు. ఏడ్చాను. విన్నవాళ్లకి రెండూ ఒకటే."

"ఎందుకు ఏడ్చావ్?"

"నా మైక్రోమీటర్ అబద్ధం చెబుతోందని ఆయనే కనిపెట్టాడు. సున్నా దగ్గర సరిగ్గా ఉంటుంది. ఇరవై దగ్గరికొచ్చేసరికి, సన్నగా ఉన్నదాన్ని కూడా ఇరవై అని చూపిస్తుంది. లోపలి ముక్క నకిలీది. పొద్దున్నే ప్రాసిక్యూటర్ ఆఫీసుకొచ్చి చెబుతానన్నాడు. ఇప్పుడే పదండి అని బతిమాలాను. ఇంకోసారి చూసుకోవాలన్నాడు. ఆయనంతే, రెండుసార్లు చూడందే నోరు విప్పడు."

"ఆయన చచ్చిపోతే నీకు లాభమా, నష్టమా?"

రబాబ్ అతని వంక అసహ్యంగా చూసింది. "నన్ను కాపాడగలిగిన ఒకే ఒక్క నోరు అది. దాన్ని నేనే మూస్తానా?"

సాయంత్రానికి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. పెట్టెలో ఉన్న మైక్రోమీటర్‌కి ఏ లోపమూ లేదు. సున్నా దగ్గరా నిజమే, ఇరవై దగ్గరా నిజమే.

"అయితే తేలిపోయింది," అన్నారు పైఆఫీసర్ ఫోన్‌లో. "ఆ పిల్లే అబద్ధాలకోరు. సాధనం బాగానే ఉందని బిషాయ్ చెప్పుంటాడు, కోపమొచ్చి కొట్టుంటుంది. రేపు సాయంత్రానికి లిఫ్ట్ చావూ, ఈ హత్యా రెండూ ఆమె మీద రాసెయ్."

వగీహ్ ఫోన్ పెట్టేశాడు. అతనికి ఆ పైఆఫీసర్ గొంతు కూడా కంపు కొట్టినట్టే అనిపించింది.

---

హజ్ చేసొచ్చి హాగ్ అనిపించుకున్న మెత్వల్లి, తన వర్క్‌షాప్‌లో లేతు మిషన్ పక్కనే నిలబడి లివర్ శాండ్‌విచ్ తింటున్నాడు. నూనె మోచేతి దాకా కారుతోంది. కాళ్ల కింద కూలెంట్ మడుగు. దాని మీద ఈగలు.

"నాకేం సంబంధం బాషా? మిషన్ నాది. కొలిచింది ఆ పిల్ల."

"కొలిచే సాధనం?"

"నాదే. కొలత సాధనాలమ్మే నషాత్ దగ్గర కొన్నా. చవగ్గా ఇచ్చాడు."

"సరిగ్గా ఉందో లేదో ఎలా చూస్తారు?"

"పొద్దున్నే మొనలు మూసి చూస్తాం. సున్నా చూపిస్తే పని మొదలు."

"ఇరవై దగ్గర?"

"దానికి కొలత సరిచూసే ప్రమాణ దిమ్మలు కావాలి. అవెవడు కొంటాడు? సున్నా బాగుంటే అంతా బాగున్నట్టే. మా నాన్న కాలం నుంచీ ఇంతే."

"ఒకావిడ చచ్చిపోయింది హాగ్."

"అల్లా కరుణించుగాక," అని వేళ్లు నాకేసుకున్నాడు మెత్వల్లి. "శాండ్‌విచ్ తింటారా?"

వగీహ్ అక్కడ ఇంకొక్క క్షణం కూడా నిలబడలేకపోయాడు.

---

నషాత్ షాపు బిషాయ్ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఏసీ. గులాబీ అత్తరు. అద్దాల బీరువాల్లో కొత్త మైక్రోమీటర్లు, ప్లాస్టిక్ కవర్లలో సీలు చేసి, వరసగా. అన్నిటి మొనలూ గట్టిగా మూసి ఉన్నాయి.

"బిషాయ్ నాకు అన్నలాంటివాడు బాషా." నషాత్ కళ్లు తుడుచుకున్నాడు. కళ్లు మాత్రం తడిగా లేవు. "రోజూ టీ నేనే పంపేవాణ్ణి. ఆ రబాబ్ అంత పని చేస్తుందనుకోలేదు. ఆడపిల్ల కదా, పాపం."

"నిన్న సాయంత్రం ఏడు తర్వాత ఎక్కడున్నావ్?"

"ఆరున్నరకే షాపు మూశా. కఫేలో కూర్చున్నా. అడగండి."

అడిగారు. తొమ్మిదింటి నుంచి కూర్చున్నాడన్నారు కఫేవాళ్లు. ముందు సంగతి తెలీదన్నారు.

---

గురువారం పదకొండు గంటలు. బయట ఎడారి నుంచి వీచే ఖమ్సీన్ గాలి ఇసుక తెచ్చి పోస్తోంది. బిషాయ్ కొట్లో కిటికీలు మూసేశారు. కంపు రెట్టింపైంది.

రబాబ్, మెత్వల్లి, నషాత్ ముగ్గురూ వరసగా నిలబడ్డారు. వగీహ్ అరలోంచి ఒక మైక్రోమీటర్‌ని పెట్టెతో సహా తీశాడు. జేబులోంచి పెన్సిల్ తీశాడు.

"దీని లావు కొలిచి చెప్పండి. కొలిచాక మళ్లీ పెట్టెలో పెట్టండి. అంతే."

"ఇదేం ఆట బాషా?" అన్నాడు మెత్వల్లి. "అక్కడ నా మిషన్లు ఆగిపోయాయి."

"ఆగనీ. కాసేపు ఈగలకి సెలవు."

రబాబ్ కొలిచింది. అంకె చెప్పింది. పెన్సిల్ తీసేసింది. మొనలు దగ్గరికి తిప్పి, చివర్న ఒక పిసరు వెనక్కి తిప్పి, పెట్టెలో పెట్టింది.

మెత్వల్లి గొణుక్కుంటూనే కొలిచాడు. అతని నూనె వేళ్లు కూడా, అతనికి తెలియకుండానే, చివర్న పిసరంత వెనక్కి తిప్పాయి.

నషాత్ కొలిచాడు. పెన్సిల్ తీసి, మొనలు పూర్తిగా మూసేశాడు. కిర్‌కిర్‌మని శబ్దం వచ్చేదాకా బిగించాడు. తెర మీద సున్నా చూసుకుని, ముచ్చటగా పెట్టెలో పెట్టాడు.

రబాబ్ ఆ పెట్టె వంకే చూస్తోంది.

"అలా బిగించకూడదు," అంది మెల్లగా. "ఎండకి ఉక్కు పెరుగుతుంది. మొనలు ఒకదాన్నొకటి నొక్కుకుని పాడైపోతాయి. పని నేర్చుకునే మొదటి రోజే చేతి మీద కొట్టి మరీ చెబుతారు."

"అవును," అన్నాడు వగీహ్. "ఈ అరల్లో ఒక్కటి కూడా మూసి లేదు. బిషాయ్ చేతి పక్కనున్న నీ పెట్టెలోది తప్ప. దాన్ని బిషాయ్ పెట్టలేదు. నువ్వూ పెట్టలేదు. మిషన్ ముఖమే ఎరగని చెయ్యి పెట్టింది."

నషాత్ నవ్వాడు. "మూసి పెట్టడం నేరమా బాషా? నా షాపులో అన్నీ అలాగే పెడతా. సున్నా కనబడితేనే గిరాకీ."

"నేరం కాదు. ఇంకోటి ఉంది." వగీహ్ అత్వా వైపు చెయ్యి చాచాడు. అత్వా రబాబ్ పెట్టె అందించాడు. "హాగ్, వాసన చూడు."

మెత్వల్లి పెట్టె దగ్గరికి వంగాడు. "మా షాపు వాసనే."

"ఇప్పుడు దీన్ని చూడు." లోపలి మైక్రోమీటర్ అతని ముక్కు కింద పెట్టాడు.

మెత్వల్లి మళ్లీ మళ్లీ పీల్చాడు. మొహం మారిపోయింది. "ఇది... ఇది మాది కాదు."

"పెట్టె కంపు కొడుతోంది. లోపలిది కొట్టడం లేదు. నిన్న పొద్దున్నే నా ముక్కుకి తెలిసింది. కానీ ముక్కు సాక్ష్యం ఎవరు నమ్ముతారు? రబాబ్ సాధనాన్ని ఎవడో మార్చేశాడు. అదే రకంది, మిషన్ షాపు మొహం చూడకుండానే పాతబడ్డ మంచి సాధనం పెట్టాడు. ల్యాబ్ దాన్ని కొలిచి, ఈ అమ్మాయిని అబద్ధాలకోరుని చేసింది."

"నేనే అని ఎలా చెబుతారు?" అన్నాడు నషాత్.

"ఇప్పుడే చెబుతా. పద, నీ షాపుకి."

---

గులాబీ అత్తరు వాసనలో వగీహ్ బీరువా తెరిపించాడు. ఒక్కో కవరు చించడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, పక్కన పెట్టడం. రెండు రోజులుగా ముక్కు మూసుకుని తిరిగిన మనిషి ఇప్పుడు కుక్కలా వాసన చూస్తున్నాడు. అత్వా కళ్లప్పగించి నిలబడ్డాడు.

రెండో అర చివర్న ఒక కవరు చించగానే అతని తల వెనక్కి పోయింది.

కుళ్లిన కోడిగుడ్డు. పాత నూనె.

తుడిచారు. మెరుగు పెట్టారు. కొత్త కవర్లో సీలు చేశారు. ధర చీటీ కూడా అంటించారు.

వగీహ్ వెంట తెచ్చిన సీదీ బిష్ర్ లిఫ్ట్ పిన్ను బల్ల మీద పెట్టాడు. రబాబ్ ఆ మైక్రోమీటర్‌తో కొలిచింది. 20.000. ల్యాబ్ చూసిన మంచి మైక్రోమీటర్‌తో కొలిచింది. 19.812.

"నేను చదివింది ఇదే," అంది రబాబ్. "ఇది చెప్పిందే నేను చదివాను." రెండు మైక్రోమీటర్లనీ పక్కపక్కన పెట్టింది. ఏడుపు ఆగలేదు.

నషాత్ ఇక దాచలేదు. బిషాయ్ సాయంత్రం వచ్చి మొహం మీదే చెప్పాడట. 'రేపు పొద్దున్నే చెప్పేస్తా. నీకు బుద్ధుంటే ఈ రాత్రే నువ్వెళ్లి ఒప్పుకో' అని. ఒప్పుకునే అవకాశం ఇచ్చిన మనిషిని, వెంటే అతని కొట్టుకి వెళ్లి, అతను బల్ల మీదికి వంగినప్పుడు వెనకనుంచి కొట్టాడు.

"సరే. చంపావ్. మార్చావ్. దీన్నెందుకు ఉంచుకున్నావ్?" వగీహ్‌కి ఇదొక్కటే అర్థం కాలేదు. "పది అడుగులు వేస్తే సముద్రం. విసిరెయ్యొచ్చుగా?"

నషాత్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"సరుకు కదా బాషా," అన్నాడు. "పారేయడానికి చెయ్యి రాలేదు."

వగీహ్ గబగబా బయటికి నడిచి, కాలువ పక్కన వంగి, పొద్దున తిన్న ఫూల్ చిక్కుడుపప్పు అంతా కక్కేశాడు.

---

నాలుగింటికి వగీహ్, అత్వా రబాబ్‌ని ప్రాసిక్యూటర్ ఆఫీసుకి తీసుకెళ్లారు. విడుదల కాగితం మీద సంతకం పెట్టాలి. ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. అత్వా లిఫ్ట్ మీట నొక్కాడు.

"బాషా," అంది రబాబ్. "నషాత్ అలాంటివి ఇంకెన్ని అమ్మాడట?"

"గుర్తు లేదన్నాడు."

"ఎవరెవరికి?"

"అడిగినవాళ్లందరికీ అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా సిగ్గుపడలేదు, గాడిద."

పైనుంచి లిఫ్ట్ దిగుతున్న చప్పుడు వినిపించింది. గంట మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల దీపం వెలుగుతోంది. అద్దం శుభ్రంగా తుడిచి ఉంది.

ముగ్గురూ అలాగే నిలబడ్డారు. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

"మెట్లెటు?" అంది రబాబ్.

వగీహ్ తన బానపొట్ట వంక ఒకసారి చూసుకుని, మెట్ల వైపు ముందు నడిచాడు.