నీడ పెరట్లో ఒట్టి నేల

పైడమ్మకు ఆ రోజు చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. నిన్న పరిచిన క్వారీ డస్టును తడిపి మరోసారి దిమ్మిస కొట్టాలి. పల్లం మిగిలిందేమో కాలితో చూసుకుని, ఆట కోసం గుంట వైపు కొంచెం వాలు దిద్దాలి. బంతి పడే గుంటలో గిన్నె దించాలి. సర్దుపొర పరిచి, దాని మీద పచ్చిక చాప వేసి, అతుకులకు గమ్ము పట్టించాలి. ఇసుక చల్లి చీపురుతో ప్లాస్టిక్ పోచలన్నిటినీ లేపి నిలబెట్టాలి. ఎండపెట్టెకు తీగ కలపాలి. ఆఖరున ఇంటాయన చేత కాలు పెట్టించాలి. మోకాళ్ళకు మందు రాసుకోవడం కూడా ఉంది గానీ, అది పొద్దున్నే మర్చిపోయింది.

మధురవాడలో ఆ ఇంటికి మూడు పక్కలా నలభై అంతస్తుల మేడలు లేచాయి. పెరట్లోకి ఎండ రాక పదేళ్ళయింది. అసలు గడ్డి ఎప్పుడో కుళ్ళిపోయింది. ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరైన కమలాకరం గారు అక్కడ గోల్ఫ్ ఆడుకోవడానికి చిన్న పచ్చిక వేయించుకుంటున్నారు. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు.

సర్దునేల వచ్చి ఇరవై రెండేళ్ళు దాటింది. దాని సర్దుపొరలో ఆవగింజంత గుబ్బలు కోట్ల కొద్దీ ఉంటాయి. మనిషి అడుగు తడబడబోతుండగానే అవి ఒకచోట లేచి, ఒకచోట దిగి కాలిని నిలబెట్టేస్తాయి. ఇళ్ళలో, వీధుల్లో, బస్టాండుల్లో అంతటా అదే. ఊళ్ళో ఎవరూ కాలు జారి పడటం లేదు. తుంటి విరిగిన ముసలివాళ్ళ కోసం ఉన్న వార్డులను ఆస్పత్రులు ఎత్తేశాయి. ఎండే ఆ నేలకు తిండి. నీడ ఉన్నచోట మాత్రం ఎండను నిల్వచేసే ఎండపెట్టె పెట్టి, తీగతో మేపాలి. ఒట్టి నేల మీద ఇంకా నడిచేది, ఈ నేలలు పరిచే పైడమ్మలాంటి అడుగుపని వాళ్ళే.

కళ్ళు మూసుకుని, చెప్పులు విడిచి, ఆమె డస్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఒకచోట ఆగి రెండు గుప్పిళ్ళు డస్టు వేసింది.

వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న కమలాకరం గారు అడిగారు. "కళ్ళు మూసుకుంటే ఎలా తెలుస్తుందే నీకు?"

"కాలే సూసుకుంటాది బాబుగారూ. ముప్పయ్యేళ్ళ నుంచి దానికదే పని."

మధ్యాహ్నం దాటాక పచ్చిక పరవడం ముగించి ఆమె తీగ చుట్ట విప్పుతుంటే ఆయన చెయ్యి అడ్డం ఊపారు.

"పైడమ్మా, అది కలపకు."

"అదేటండి? తీగ లేకపోతే ఈ నీడలో నేల పన్జెయ్యదు కదండీ."

"పనిచెయ్యొద్దనే. క్లబ్బులో నేను ఎటు కొట్టినా నేల వంగి బంతిని గుంటలోకి తోసేస్తోంది. పదిహేనేళ్ళలో ఒక్కటి తప్పలేదు. దాన్ని ఆటంటారా? ఈ ఎండరాని పెరడు అందుకే కలిసొచ్చింది నాకు. చచ్చేలోగా ఒక్క బంతి నా చేతులారా తప్పాలి."

వంటింటి కిటికీలోంచి ఆయన భార్య సుభద్ర గారు తల బయట పెట్టారు. "తప్పులే కావాలంటే పెళ్ళయిన నాటి నుంచీ మీవి చెబుతాను, కూర్చుని వినండి."

పైడమ్మ నవ్వింది. తీగ కలపకుండా పోకూడదని నిబంధన. కానీ నడుము లాగేస్తోంది, పెద్దాయన అడిగింది చిన్న కోరికలాగే అనిపించింది. పొద్దుటి నుంచీ తను నిలబడి ఉన్నది ఒట్టి నేల మీదే. అందులో భయపడేదేముందని ఆమెకు తోచనైనా లేదు. "మీరు ఆడుకున్నాక కలుపుతాన్లెండి" అని చుట్ట పక్కన పెట్టింది.

ఇంటాయన కాలు పెట్టకుండా అడుగుపని వాళ్ళు సామాను ఎత్తరు. అది వాళ్ళ ఆనవాయితీ. ఇన్నేళ్ళూ పైడమ్మ కాలు పెట్టించిన నేలలన్నీ అప్పటికే ఎండ తాగి మేలుకుని ఉన్నవి. అలవాటుగా పక్కకు జరిగి, "కాలెట్టండి బాబూ, మీ నేల" అంది.

కమలాకరం గారు గోల్ఫ్ కర్ర పట్టుకుని వసారా అంచు దిగారు. అక్కడ చదునుగానే ఉంది. నిలబడి బంతిని మెల్లగా కొట్టారు. అది సాగి, పైడమ్మ చేత్తో దిద్దిన వాలులో ఎడమకు ఒరిగి, గుంటకు బెత్తెడు దూరాన ఆగిపోయింది.

"తప్పింది" అన్నారాయన. ఆ ముఖం వెలగడం పైడమ్మ చూసింది.

"ఉండండి, నేను తెస్తాను."

"వద్దొద్దు. నాది, నేనే తెచ్చుకుంటా."

మూడో అడుగు వాలు మీద పడింది. అనుకున్నదానికంటే అంగుళం కిందకు దిగింది కాలు. ఆయన నిలబెట్టిన దుంగ ఒరిగినట్టు ఒరిగారు. చేతులు ముందుకు రాలేదు. కర్ర పట్టిన చెయ్యి పట్టినట్టే, రెండోది పక్కన వేలాడుతున్నట్టే ఉండగా, తల వెళ్ళి పచ్చిక అంచున ఉన్న గట్టురాయికి తగిలింది.

ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉన్నారు. పడిన మనిషిని చూడటం ఇదే మొదలన్నాడు డాక్టరు. ఐదో రోజు పొద్దున పోయారు. విచారణకు వచ్చినవాళ్ళు అడిగితే, తీగ కలపలేదని పైడమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె పనిపట్టా రద్దయింది.

పదమూడు రోజులూ గడిచాక ఆమె ఆ ఇంటికి వెళ్ళింది. సుభద్ర గారు ఏడవలేదు, తిట్టలేదు. ఒకటే అడిగారు.

"చేతులెందుకు అడ్డం పెట్టుకోలేదు ఆయన?"

పైడమ్మ తన అరచేతులు చూసుకుంది. చిన్నప్పటి నుంచీ పడ్డ దెబ్బల మచ్చలు వాటి నిండా ఉన్నాయి. "పడటం మర్చిపోయారమ్మగారూ. అందరికీ ఆ అలవాటే పోయింది. నేను ఎరిగుండాల్సింది. ఎరగలేదు."

సుభద్ర గారు లేచి వసారా అంచుకు వచ్చి చెప్పులు విడిచారు. బంతి ఇంకా ఆగిన చోటే ఉంది.

"నాకు నేర్పు."

"నడకేనా అమ్మగారూ?"

"పడటం."

పైడమ్మ ఇంట్లోంచి పాత పరుపు ఈడ్చుకొచ్చి పచ్చిక మీద పరిచింది. ముందు తనే మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ దాని మీద పడి చూపించింది. తర్వాత సుభద్ర గారి చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ పెరటికి పక్క మేడల నుంచి కూడా నలుగురైదుగురు పడటం నేర్చుకోవడానికి వస్తున్నారు. పాఠం మొదలుపెట్టే ముందు పైడమ్మ కమలాకరం గారి పేరు చెబుతుంది. ఇది చదువుతున్న మీకు కూడా ఎప్పుడైనా కాలు తడబడి, చేతులు వాటంతటవే ముందుకొచ్చి మిమ్మల్ని కాపాడితే, లేచి దుమ్ము దులుపుకునే ముందు కమలాకరం గారిని ఒక్కసారి తలచుకోండి.